ఎలక్ట్రాన్‌ని చూసేది ఎవరు? చార్టు మీద కన్ను ఉంచాలా, తీసెయ్యాలా?

కనిగిరి_టీచర్ | శనివారం రాత్రి 8:52

అందరికీ నమస్కారం. కనిగిరి దగ్గర జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. ఒంగోల్లో జరిగే సైన్సు ప్రదర్శనకి మా తొమ్మిదో తరగతి పిల్లలు రెండు చీలికల ప్రయోగం పెడతామని పట్టుబట్టారు. లేజర్ పాయింటరు, నల్ల అట్ట, బ్లేడుతో కోసిన రెండు సన్న గీతలు, అంతే సరంజామా. గోడ మీద వెలుగు చారలు, చీకటి చారలు బ్రహ్మాండంగా పడుతున్నాయి.

చిక్కంతా చార్టుతోనే. ఏదో వీడియో చూసొచ్చి చీలికల పక్కన ఇంత పెద్ద కన్ను గీశారు. కింద "మనిషి చూస్తే ఎలక్ట్రాన్ కణం, చూడకపోతే అల" అని రాశారు. వాళ్లలోనే ఒక పిల్ల, "టీచర్, మేమందరం కళ్లు మూసుకుంటే గోడ మీద ఏముంటుంది?" అని అడిగింది. లేజర్ చారలైతే ఎక్కడికీ పోవని చెప్పాను. "మరి ఎలక్ట్రాన్‌కి మన కళ్లు ఎట్టా తెలుస్తాయి?" అంది. నేను బీఎస్సీలో చదివింది పెట్టెలో కణం, టన్నెలింగు వరకే. ఈ కన్ను సంగతి మాకెవరూ చెప్పలేదు.

పరిశీలకుడు అంటే క్వాంటమ్ సిద్ధాంతంలో నిజంగా మనిషేనా? కన్ను ఉంచమంటారా?

పెన్నా_గట్టు | రాత్రి 9:10

మేడం, ఇది మా రొయ్యల గుంట కతే. మాది ఇందుకూరుపేట పక్కన. రొయ్య ఎంత కౌంటుకొచ్చిందో తెలియాలంటే విసురు వల వెయ్యాల. వల పడిందంటే రొయ్య బెదురుద్ది, ఆ పూట మేత సరిగ్గా తినదు. చూడ్డమంటేనే కదిలించడం. ఎలక్ట్రాన్ రొయ్య కంటే కోటానుకోట్ల రెట్లు చిన్నది గదా, దాన్ని చూడాలంటే దాని మీద వెలుతురు కొట్టాల, కొడితే అది పక్కకి పోద్ది. ఇందులో మనిషి కన్నుకి పనేముంది? తీసెయ్యండి.

కావలి_మాస్టారు | రాత్రి 9:41

గట్టు అబ్బాయీ, తీర్పు బాగుంది, కారణం దగ్గరే పేచీ.

నువ్వు చెప్పింది 1927లో హైజెన్‌బర్గ్ చెప్పిన సూక్ష్మదర్శిని వాదం. ఎలక్ట్రాన్ ఎక్కడుందో చూడాలంటే దాని మీద కాంతి పడాలి, పడితే దాని వేగం మారుతుంది. విన్నవాళ్లకి చప్పున అర్థమవుతుంది కాబట్టి ఇన్నేళ్లూ క్లాసుల్లో అదే చెప్పుకుంటూ వచ్చాం. నీ గుంటలో మాత్రం వల వెయ్యకముందే ప్రతి రొయ్యకీ ఒక చోటుంది, ఒక బరువుంది. నీకు తెలియదు, అంతే. వల వచ్చి దాన్ని చెదరగొట్టింది. ఎలక్ట్రాన్ విషయంలో "కొలవకముందు కూడా ఫలానా చీలికలోంచే పోతోంది, మనకి తెలియదంతే" అని లెక్క వేసుకుంటే గోడ మీద ఆ చారలు రావు. ఒక్కో చీలిక నుంచి వచ్చే రెండు గుట్టలు కలిసి ఉత్త మచ్చ వస్తుంది. అలాకాదు, ఎప్పుడూ ఒక చీలికలోంచే పోతుంది, చారలు కూడా వస్తాయి అని నిలబెట్టాలంటే ఇంకేదో అదనంగా కలపాలి. 1952లో బోమ్ చేసింది అదే. ఆయన సంగతి తర్వాత.

చెదరగొట్టడమే అసలు కారణమైతే చెదరగొట్టకుండా దారి తెలుసుకున్నప్పుడు చారలు మిగలాలి గదా. మిగల్లేదు. 1998లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో రెంపె బృందం రుబీడియం పరమాణువులతో చేసి చూపించింది. ఏ దారిన పోయిందన్న సంగతి మైక్రోవేవ్ తరంగాలతో పరమాణువు లోపలి స్థితిలో రాయించారు. మైక్రోవేవ్ ఇచ్చే తోపుడు చారల్ని చెరిపేటంత లేనే లేదు, చాలా తక్కువ. అయినా చారలు పోయాయి. దారి సమాచారం ఎక్కడో ఒకచోట నమోదైతే చాలన్నమాట.

టీచరమ్మా, పిల్లలకి ఆ చివరి వాక్యం చెప్పండి.

ఎంపీసీ_బ్యాచ్ | రాత్రి 10:05

సార్, నెల్లూర్లో ఇంటర్ సెకండియర్. హాస్టల్లో ఫోను పదిన్నరకి లాక్కుంటారు, అందుకే గబగబా అడిగేస్తున్నా. డిటెక్టర్ పెట్టి ఆన్ చేసి, దాని వైరు కంప్యూటర్‌కి తగిలించకపోతే? అంటే దారి నమోదవుతుంది గానీ ఎవరూ చదవరు. అప్పుడు చారలు వస్తాయా, రావా?

ఒంగోలు_గిత్త | రాత్రి 10:22

రావు తమ్ముడూ. చదవడంతో పనే లేదు.

దీనికి నాకు బాగా నచ్చిన ప్రయోగం వియన్నాది. అందులో డిటెక్టరే లేదు. 1999లో ఆర్న్‌ట్, సైలింగర్ వాళ్లు అరవై కార్బన్ పరమాణువులున్న బంతి లాంటి అణువుతో చారలు తెప్పించారు. ఎలక్ట్రాన్ కాదు, పరమాణువు కాదు, ఏకంగా 60 పరమాణువుల ముద్ద. తర్వాత 2004లో అదే ఊళ్లో డెబ్బై కార్బన్‌ల అణువుని తీసుకుని, దారిలోకి వదిలే ముందు లేజర్‌తో వేడెక్కించారు. వేడెక్కిన వస్తువు వెలుగు కక్కుతుంది గదా, కొలిమిలో ఇనుములాగా. వేడి 1000 కెల్విన్లు దాటాక చారలు మెల్లమెల్లగా మసకబారడం మొదలైంది. ఎందుకంటే అణువు ఎగురుతూ ఎగురుతూ వదిలిన ఫోటాన్ "నేను ఇక్కడున్నాను" అనే కబురు మోసుకుపోతోంది. ఆ ఫోటాన్‌ని ఎవరూ పట్టుకోలేదు. అది పోయి గది గోడకి తగిలింది. గోడకి తెలిస్తే చాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి, చారలు స్విచ్ నొక్కినట్టు మాయం కాలేదు. వేడి పెంచేకొద్దీ కొంచెం కొంచెంగా పోయాయి, సిద్ధాంతం లెక్కగట్టినంత మేరకే. "మనిషి చూశాడా లేదా" అన్నది అవును-కాదు ప్రశ్న. ఇక్కడ జరిగింది అవును-కాదు వ్యవహారం కాదు. ఎంత సమాచారం బయటికి కారితే అంత మేర చారలు పోతాయి. దీన్నే డీకోహెరెన్స్ అంటారు.

నేను బెంగళూర్లో క్వాంటమ్ కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నా. ఆ యంత్రాల చిప్పుని సున్నా కెల్విన్‌కి డిగ్రీలో నూరో వంతు దూరంలో, ఆ ఇత్తడి రంగు ఫ్రిజ్ అడుగున వేలాడదీసేది ఇందుకే. పరిసరాలు దాన్ని "చూడకుండా". అమరావతిలో పెట్టే క్వాంటమ్ కంప్యూటర్ దగ్గర కూడా రేపు ఇంజనీర్ల తిప్పలన్నీ ఇవే.

వేదగిరి | ఆదివారం ఉదయం 6:15

అందరికీ శుభోదయం. నరసింహకొండ మెట్లెక్కి వచ్చి ఇప్పుడే చదివాను. యంత్రాలతో పని తేల్చేస్తున్నారు గానీ, చైతన్యాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి నాయనా. 1932లో ఫాన్ నాయ్‌మన్ గణితంలోనే చూపించాడు. ఎలక్ట్రాన్ నుంచి డిటెక్టర్, డిటెక్టర్ నుంచి కన్ను, కన్ను నుంచి మెదడు, ఈ గొలుసులో "ఇటు క్వాంటమ్, అటు చూసేవాడు" అనే కోత ఎక్కడ పెట్టినా లెక్క ఒకటే వస్తుంది. 1939లో ఫ్రిట్జ్ లండన్, ఎడ్మండ్ బవర్ అనే భౌతిక శాస్త్రజ్ఞులు ఆ కోతని చైతన్యం దగ్గర పెట్టారు. 1961లో నోబెల్ గ్రహీత యూజీన్ విగ్నర్ కూడా అక్కడే పెట్టాడు. వీళ్లెవరూ వాట్సాప్ పండితులు కారు.

ష్రోడింగర్ ఉపనిషత్తులు చదివినవాడు. 1944లో అచ్చయిన తన పుస్తకం చివర ఆత్మ, బ్రహ్మం ఒకటేనన్న మాట రాశాడు. 1930 జూలై 14న బెర్లిన్ దగ్గర కాపుత్‌లో టాగూర్, ఐన్‌స్టైన్‌ల మధ్య జరిగిన సంభాషణ చూడండి. మనిషితో నిమిత్తం లేని సత్యం ఉందన్నాడు ఐన్‌స్టైన్. టాగూర్ ఒప్పుకోలేదు. ఇన్నేళ్లకి ప్రయోగాలు ఎవరి పక్కకి మొగ్గాయి? ద్రష్ట లేనిదే దృశ్యం లేదని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. కన్ను ఉంచండమ్మా.

పెన్నా_గట్టు | ఉదయం 7:02

పెద్దాయనా, ఒక అనుమానం. ద్రష్ట అంటే మనిషేనా? మా ఇంట్లో పిల్లి చూసినా సరిపోద్దా?

ఒంగోలు_గిత్త | ఉదయం 7:20

గట్టు అన్నా, నవ్వులాటకి అన్నావేమో గానీ జాన్ బెల్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు 1990లో సరిగ్గా అదే అడిగాడు. విశ్వం మొత్తం కోట్ల ఏళ్లు తేలకుండా ఏకకణ జీవి పుట్టేదాకా ఆగిందా, లేక ఇంకాస్త ఆగి పీహెచ్‌డీ చేసినవాడు వచ్చేదాకా చూసిందా అని ఎకసెక్కం చేశాడు.

సైదాపురం_మైకా | ఉదయం 9:36

ఈ చర్చలోకి రాకూడదనుకున్నా, కోట్ల ఏళ్లు అన్నారు కాబట్టి వస్తున్నా. నేను జియాలజీ చదివా. మా తాత, నాయన ఇద్దరూ సైదాపురం వైపు మైకా గనుల్లో పనిచేశారు. మా ఇంట్లో ఇప్పటికీ అటక మీద మైకా రేకులున్నాయి.

నల్ల మైకా, అంటే బయొటైట్, పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే కొన్ని ముక్కల్లో చిన్న చిన్న నల్లటి వలయాలు కనిపిస్తాయి. వెంట్రుక మందం కూడా ఉండవు చాలామటుకు. ఒక్కో వలయం నడుమ జిర్కాన్ లాంటి ఖనిజపు రవ్వ ఉంటుంది, దాన్లో కాస్త యురేనియం గానీ థోరియం గానీ ఉంటుంది. అది క్షీణించినప్పుడల్లా ఆల్ఫా కణం ఒకటి బయటపడి, మైకాలో కొంత దూరం పోయి ఆగుతుంది. ఆగేచోట మైకా ఎక్కువగా దెబ్బతిని రంగు మారుతుంది. ఎన్నో కోట్ల ఏళ్లపాటు అన్ని దిక్కులా ఇట్లా పడీ పడీ గోళం తయారవుతుంది, కోస్తే వలయం. 1907లో జాన్ జోలీ అనే ఐరిష్ శాస్త్రజ్ఞుడు ఈ లెక్క విప్పాడు.

ఇప్పుడు వేదగిరి గారికి నా ప్రశ్న. ఆల్ఫా కణం బయటపడటం శుద్ధ క్వాంటమ్ వ్యవహారం. ఎప్పుడు పడుతుందో, ఏ దిక్కుకి పోతుందో ముందుగా చెప్పే సూత్రం లేదు. దాని తరంగం అన్ని దిక్కులకీ సమంగా పరుచుకుంటుంది. అయినా ప్రతి కణమూ ఒక్క దిక్కుకే పోయి ఒక్క చోటే గుర్తు పెట్టింది. ఆ రాయి పుట్టి, గుర్తులు పడటం మొదలయ్యేనాటికి కళ్లున్న ప్రాణే లేదు. ఆ గుర్తు పెట్టించిన ద్రష్ట ఎవరండీ?

కావలి_మాస్టారు | ఉదయం 10:30

మైకా గారూ, మీరు రావడం మంచిదయింది. మీ ప్రశ్న 1929లో నెవిల్ మాట్ అడిగిన ప్రశ్నకి తోబుట్టువు. ఆవిరి నింపిన మేఘ పేటికలో ఆల్ఫా కణం తిన్నటి గీతలా ఎందుకు కనిపిస్తుంది, దాని తరంగం చూస్తే గుండ్రంగా అన్ని వైపులకీ పోతోందే అని అడిగాడు. ఆవిరిలోని పరమాణువుల్ని కూడా కణంతోపాటు లెక్కలోకి తీసుకుంటే ఒక పరమాణువు దెబ్బతిన్నాక రెండోది దెబ్బతినేది అదే వరసలో ఉన్నప్పుడే అని తేలింది. గీత అట్లా వచ్చింది. ఎవరి కన్నూ రాలేదు అందులోకి.

వేదగిరి గారూ, మీమీద గౌరవంతోనే రెండు మాటలు. విగ్నర్ 1961లో చైతన్యం వైపు మాట్లాడిన మాట నిజం. డీకోహెరెన్స్ మీద డీటర్ త్సే 1970 నుంచి రాసిన వ్యాసాల ప్రభావంతో ఆయనే తర్వాత ఆ అభిప్రాయం వదులుకున్నాడు. ఇది ఎవరూ చెప్పరు, మొదటి సగమే తిరుగుతుంటుంది. ష్రోడింగర్ వేదాంతం కూడా కొలత సమస్యకి జవాబుగా చదివినది కాదు. మనసులు వేరువేరుగా కనిపిస్తాయి గానీ చైతన్యం ఒక్కటే అన్నది ఆయన్ని పట్టుకుంది. పెట్టెలో పిల్లి ఒకేసారి బతికీ చచ్చీ ఉండే కథ 1935లో ఆయన కట్టింది, తన క్వాంటమ్ సమీకరణాన్ని కొసదాకా లాగితే ఎంత వింతలోకి పోతామో చూపించడానికి.

అసలు నాకు తట్టే చిక్కు వేదాంతం వైపు నుంచే. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. సాక్షి లక్షణమే అది. దేన్నీ అంటదు, దేన్నీ మార్చదు. క్వాంటమ్‌లో మనం "పరిశీలన" అంటున్నది చారల్ని చెరిపేస్తోంది, స్థితిని మార్చేస్తోంది. అది తినే పక్షి పని. చూసే పక్షిని తెచ్చి డిటెక్టర్ కుర్చీలో కూర్చోబెడితే నష్టం భౌతికశాస్త్రానికి కాదు, వేదాంతానికి.

వేదగిరి | మధ్యాహ్నం 12:48

మాస్టారూ, పక్షుల మాట ఆలోచించాల్సినదే. దాన్ని నేను కాదనను.

అయితే మైకా వాదం నన్ను కదల్చలేదు. ఆ రాయి మొత్తం, వలయాలన్నీ కూడా, అన్ని అవకాశాలూ కలిసిన స్థితిలోనే ఉండి, మొదటి శాస్త్రజ్ఞుడు మైక్రోస్కోపులో కన్ను పెట్టినప్పుడు ఒకటిగా తేలాయని నేనంటే మీరు ఏ ప్రయోగంతో కాదంటారు?

సైదాపురం_మైకా | మధ్యాహ్నం 1:05

ఏ ప్రయోగంతోనూ కాదనలేను. మా తాత ఈ ఉదయమే పుట్టాడు, జ్ఞాపకాలతో సహా, అన్నా కాదనలేను. చైతన్యం ఉన్నా లేకపోయినా రాయి ఒకేలా కనపడేటట్టయితే దాన్ని సమీకరణంలో ఎందుకు మొయ్యాలి అన్నదే నా గోల.

నిర్వాహకుడు | మధ్యాహ్నం 1:30

ఇద్దరు సభ్యులు ఇదే చర్చలో చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వెయ్యాలా వద్దా అని పెట్టిన పోస్టుల్ని వంటల విభాగానికి మార్చాను. అక్కడ కొనసాగించండి. (వెయ్యాలి.)

కనిగిరి_టీచర్ | మధ్యాహ్నం 3:12

నిన్న రాత్రి నుంచి చదువుతూనే ఉన్నాను. కన్ను తీసేయించాను. దాని చోట పిల్లలు ఒక డబ్బా గీశారు, దాని వైరు కావాలనే తెగ్గొట్టినట్టు చూపించారు. ఎంపీసీ బాబుకి థాంక్స్, ఆ ప్రశ్నే చార్టుకి శీర్షిక అయింది. వేదగిరి గారు ఏమీ అనుకోవద్దు.

ఇప్పుడు వాళ్లకో కొత్త కోరిక. దారి తెలిస్తే చారలు పోతాయన్నది బొమ్మలో కాకుండా చేసి చూపించాలంట. హైస్కూలు ఖర్చులో అయ్యే మార్గం ఏదైనా ఉందా మాస్టారూ?

కావలి_మాస్టారు | సాయంత్రం 4:40

ఉంది. పాడైన కాలిక్యులేటర్ గానీ పాత ఎల్‌సీడీ మానిటర్ గానీ దొరికితే దాని ముఖం మీది పోలరాయిడ్ పొరని జాగ్రత్తగా ఒలిచి, జిగురు తుడిచి ముక్కలు చెయ్యండి.

రెండు చీలికలు మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక్కోదాని మీద ఒక్కో ముక్క అతికించడం పిల్లల వల్ల కాదు. చీలికల బదులు సన్నటి రాగి తీగ వాడండి. లేజర్ వెలుగు తీగకి రెండు పక్కలనుంచీ పోతుంది, గోడ మీద తీగ నీడ నడుమ సన్నటి చారలు పడతాయి. అవి రెండు దారుల వెలుగు కలిసిన చారలు. ఇప్పుడు తీగ ఎడమ పక్క నిలువు పోలరాయిడ్, కుడి పక్క అడ్డం పోలరాయిడ్ వచ్చేటట్టు రెండు ముక్కల అంచులు తీగ దగ్గర కలపండి. ఎడమ నుంచి వచ్చిన వెలుగుకి ఎడమ గుర్తు, కుడి నుంచి వచ్చినదానికి కుడి గుర్తు పడ్డట్టే. నీడ నడుమ చారలు పోతాయి. వెలుగు తగ్గినా రెండు పక్కలనుంచీ వస్తూనే ఉంది, ఎవరూ చూడలేదు, గుర్తు పడింది అంతే. ఆ తర్వాత గోడకి ముందు 45 డిగ్రీలు తిప్పిన మూడో ముక్క పెడితే ఏది ఎటునుంచి వచ్చిందో ఇక చెప్పలేం, గుర్తు చెరిగిపోయింది, చారలు తిరిగొస్తాయి. చాలామంది మర్చిపోయేది ఒకటుంది. తీగకి ముందు కూడా 45 డిగ్రీల ముక్క ఒకటి ఉండాలి. లేదంటే చివర్లో చారలు తిరిగిరావు, పిల్లలు నిరాశ పడతారు. లేజర్ కళ్లలో పడకుండా చూసుకోండి.

న్యాయనిర్ణేతల్లో ఎవరైనా గట్టివాళ్లుంటే, "ఇది మామూలు కాంతి తరంగాలతోనే చెప్పొచ్చు గదా, ఇందులో క్వాంటమ్ ఏముంది?" అంటారు. నిజమే, ఫ్రెనెల్, అరాగో పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే చెప్పారు. ఫోటాన్లని ఒక్కొక్కటిగా పంపినా, చుక్కా చుక్కా చేరి ఇదే బొమ్మ వస్తుందన్నదే క్వాంటమ్ సంగతి. ఎలక్ట్రాన్లతో 1989లో జపాన్‌లో తోనోమురా బృందం ఆ చుక్కల్ని ఒక్కొక్కటిగా సినిమాలా తీసి చూపించింది. ఆ మాట చార్టులో ఒక మూల రాయించండి.

సైదాపురం_మైకా | సాయంత్రం 5:15

రెండు పోలరాయిడ్ ముక్కలు అడ్డంగా పెట్టి నడుమ పల్చటి మైకా రేకు తిప్పండి మేడం, రంగులు చూసి జనం ఆగిపోతారు. రేకులు కావాలంటే కొరియర్ చేస్తాను. అటక మీద ఊరికే పడున్నాయి.

ఎంపీసీ_బ్యాచ్ | సాయంత్రం 6:20

అయితే సమస్య తీరిపోయినట్టేనా? పరిసరాలే చూస్తాయి, మనిషి అక్కర్లేదు, డీకోహెరెన్స్, అయిపోయింది?

ఒంగోలు_గిత్త | సాయంత్రం 6:34

నా మటుకు అయిపోయింది. ఫోటాన్ ఒకటి తగిలినా చాలు, గాలి తగిలినా చాలు. ధూళి కణం కూడా రెండుచోట్ల ఉండి చారలు ఇవ్వలేకపోవడానికి కారణం దొరికింది, లెక్కతో సహా. ఇంతకంటే ఏం కావాలి?

కావలి_మాస్టారు | రాత్రి 7:50

గిత్తా, తొందరపడకు. నీ డీకోహెరెన్స్ ఎంతవరకు తెచ్చిందో చూద్దాం. సమీకరణంలో మొదట "ఎడమ దారీ, కుడి దారీ" అని ఉంది. పరిసరాలు తగిలాక ఆ రెండూ ఒకదాన్నొకటి కలవలేనంతగా విడిపోయాయి. అందుకే చారలు పోయాయి. బాగుంది. సమీకరణంలో మాత్రం ఇంకా "ఎడమ దారిని నమోదు చేసుకున్న గోడా, కుడి దారిని నమోదు చేసుకున్న గోడా" రెండూ ఉన్నాయి. మన అనుభవంలో ఉన్నది "ఎడమో, కుడో". ఆ "ఇదీ అదీ" కాస్తా "ఇదో అదో" ఎప్పుడయింది? బెల్ పట్టుకున్నది ఇక్కడే. మైకా గారి రాయిలో ఆల్ఫా కణం ఫలానా దిక్కుకే ఎందుకు పోయిందన్నదానికి డీకోహెరెన్స్ దగ్గర జవాబు లేదు. వేర్వేరు దిక్కుల కథలు ఒకదాన్నొకటి ఎందుకు అడ్డుకోవో చెప్పింది, అంతే.

దారులు చీలేది ఇక్కడే. 1957లో ఎవరెట్ అన్నాడు, "ఇదో అదో" ఎప్పుడూ అవ్వదు, రెండూ ఉన్నాయి, చూసే నువ్వు కూడా రెండయ్యావు అని. అక్కడ పరిశీలకుడికి ఏ అధికారమూ లేదు, వాడూ సమీకరణంలో ఒక భాగమే. బోమ్ ప్రకారం కణానికి ఎప్పుడూ ఒక చోటుంది, తరంగం దాన్ని నడిపిస్తుంది. అక్కడా చూసేవాడితో పని లేదు. కాకపోతే దూరాన ఉన్నవాటి మధ్య తక్షణ సంబంధం ఒప్పుకోవాలి. 1986లో గిరార్డి, రిమిని, వెబర్ ఇంకో మాటన్నారు. తరంగం తనంతట తానే అప్పుడప్పుడు కుదించుకుపోతుంది, పెద్ద వస్తువుల్లో కణాలెక్కువ కాబట్టి వెంటనే కుదించుకుపోతుంది అని. వీటిలో ఇదొక్కటే ప్రయోగానికి నేరుగా మెడ ఇచ్చింది. దీని బంధువు ఒకటుంది, గురుత్వాకర్షణ వల్ల కుదింపు అనే డియోషి, పెన్‌రోజ్‌ల ఆలోచన. దాని సాదా రూపాన్ని 2020లో ఇటలీ గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో కొలిచి కొట్టేశారు.

వీటికి పూర్తిగా ఎదురు పక్కన క్యూబిజం. ఫుక్స్, మెర్మిన్ వాళ్లది. తరంగం బయట ప్రపంచంలో లేదు, అది పందెం కాసేవాడి అంచనా లాంటిది, ఎవరి తరంగం వాళ్లది అంటారు. అక్కడ పరిశీలకుడే నడిమధ్యన. ఏదో పాత చైతన్యవాదం కాదు, 21వ శతాబ్దపు భౌతిక శాస్త్రజ్ఞులే. కాబట్టి వేదగిరి గారూ, పరిశీలకుడు పూర్తిగా బయటికి పోయాడని నేనెప్పుడూ అనలేదు. చారల్ని చెరపడానికి అక్కర్లేదన్నాను.

2025లో నేచర్ పత్రిక వెయ్యిమందికి పైగా భౌతిక శాస్త్రజ్ఞుల్ని అడిగితే, ఎక్కువమంది మొగ్గిన, బోర్, హైజెన్‌బర్గ్‌ల కాలం నాటి కోపెన్‌హేగన్ దృక్పథానికి కూడా వచ్చింది 36 శాతమే. సిద్ధాంతం పుట్టి నూరేళ్లయింది.

ఒంగోలు_గిత్త | రాత్రి 8:25

అయితే నేను ఎవరెట్ పార్టీ. అదనంగా ఏమీ కలపక్కర్లేదు, సమీకరణాన్ని నమ్మితే చాలు.

కావలి_మాస్టారు | రాత్రి 8:41

అన్నీ జరుగుతాయంటే "మూడో వంతు అవకాశం" అన్న మాటకి అర్థం ఏమిటో చెప్పు ముందు. చీలిన శాఖల్లో ఏది ఎక్కువ జరిగింది? ఈ ప్రశ్న మీద డాయిష్, వాలెస్ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. కొందరికి తృప్తి కలిగింది. నాకు కలగలేదు.

పెన్నా_గట్టు | రాత్రి 9:03

మాస్టారూ, చూస్తే మారకుండా ఆగిపోయే రకం కూడా ఒకటి ఉందంటగా? పోయినసారి ఎవరో ఇక్కడే చెప్పారు.

ఒంగోలు_గిత్త | రాత్రి 9:15

క్వాంటమ్ జీనో అన్నా. మన సుదర్శన్ గారు, కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్, బైద్యనాథ్ మిశ్రాతో కలిసి 1977లో రాశారు. మారబోతున్న స్థితిని అదేపనిగా కొలుస్తూ ఉంటే అది మారదు. 1990లో అమెరికాలోని బౌల్డర్‌లో ఇటానో బృందం బెరీలియం అయాన్లతో చేసి చూపించింది. అక్కడ "చూసింది" లేజర్ పల్సులు. పల్సులు పెంచేకొద్దీ అయాన్లు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడం మానేశాయి.

వేదగిరి | రాత్రి 9:48

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ చదివాక ఒక్కటే అడుగుతాను. విగ్నర్ అభిప్రాయం వదులుకున్నాడు, ఒప్పుకున్నాను. ఆయన అడిగిన ప్రశ్న ఉందే, మిత్రుడి ప్రశ్న, అది పోయిందా? మిత్రుడు మూసిన గదిలో కొలిచాడు, వాడికి జవాబు తెలుసు. బయటున్న విగ్నర్‌కి గది మొత్తం, మిత్రుడితో సహా, ఇంకా "ఇదీ అదీ". ఇద్దరిలో ఎవరిది సరైన వర్ణన?

ఒంగోలు_గిత్త | రాత్రి 10:10

ఇది మంచి ప్రశ్న పెద్దాయనా. 2018లో ఫ్రౌఖిగర్, రెన్నర్ దీన్నే బిగించి చూపించారు. ఇట్లాంటి మిత్రుల్ని ఇద్దర్ని పెట్టి, అందరూ ఒకరి గురించి ఒకరు క్వాంటమ్ నియమాలతోనే ఆలోచిస్తే పరస్పర విరుద్ధమైన నిశ్చయాలకి వస్తారని. 2019లో ఎడిన్‌బరాలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయంలో ఆరు ఫోటాన్లతో దీనికి దగ్గరి ప్రయోగం కూడా చేశారు. అందరికీ ఒకటే అయిన "జరిగిన సంగతి" అనేది ఉందనుకుంటే రాకూడని ఫలితం వచ్చింది. వేరే షరతులు కూడా ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి వదులుకోవాలి.

సైదాపురం_మైకా | రాత్రి 10:19

ఆగండాగండి. ఆ ప్రయోగంలో మిత్రుడు ఎవరు?

ఒంగోలు_గిత్త | రాత్రి 10:24

ఒక ఫోటాన్.

సైదాపురం_మైకా | రాత్రి 10:26

ఫోటాన్ పరిశీలకుడా? నా మైకా రేకుకి ఇవ్వని హోదా ఫోటాన్‌కి ఎట్టా ఇచ్చారు?

కావలి_మాస్టారు | రాత్రి 10:55

మైకాకి హోదా ఎక్కువే ఇచ్చాం. మైకాలో పడ్డ గుర్తుని ఎవరూ చెరపలేరు, లెక్కలేనన్ని పరమాణువుల్లోకి పాకిపోయింది. ఫోటాన్ మీద పడ్డ గుర్తుని వెనక్కి తీసుకోవచ్చు, అందుకే విగ్నర్ పాత్ర వెయ్యడం కుదిరింది. వెనక్కి తీసుకోగలిగినదాన్ని "చూడటం" అనొచ్చా అన్నదే ఆ ప్రయోగం మీద వచ్చిన ప్రధాన అభ్యంతరం. నేనైతే అనొద్దంటాను. గిత్త ఎవరెట్ పార్టీ కాబట్టి అనాలి, వాళ్లకి ఫోటాన్‌కీ మనిషికీ తేడా పరిమాణంలోనే. డాయిష్ 1985లోనే రాశాడు, ఆలోచించగలిగి, వెనక్కి తిప్పగలిగే క్వాంటమ్ యంత్రాన్ని మిత్రుడి స్థానంలో పెడితే అప్పుడు తేలుతుందని. అంతటి యంత్రం ఇప్పుడెక్కడా లేదు.

వేదగిరి | రాత్రి 11:08

వచ్చినప్పుడు ఆ యంత్రాన్ని ఏమని అడగాలో మాత్రం రాసి పెట్టుకోండి మాస్టారూ. "నీకు ఒకటే కనిపించిందా?" అంటే అవునంటుంది. "ఏది?" అంటే చెప్పకూడదు, చెబితే గుర్తు బయటికి కారి ప్రయోగం చెడుతుంది. కనిపించిందని మాత్రం చెప్పి, ఏమిటో చెప్పకుండా ఉండే సాక్షి కావాలి మీకు.

కావలి_మాస్టారు | రాత్రి 11:16

డాయిష్ ప్రతిపాదనలో ఉన్న షరతు సరిగ్గా అదేనండీ. గిత్తా, రేపు లెక్కతో రా.